రాయి అన్నావుగా

చెక్కుడు షెడ్డు,
జూన్ 3

అక్కా,

ఇక్కడ అందరం బాగున్నాం. నీ చెవి ఎలా ఉంది? నిన్న మీ మరదలు ఫోను చేస్తే మూడుసార్లు "ఎవరూ?" అని పెట్టేశావట. ఇక మన మాటలన్నీ కాగితం మీదే.

ఆసుపత్రి కమిటీ నుంచి పెద్ద పని వచ్చింది. కొత్తగా కట్టిన ఎముకల వార్డుకు దాతల ఫలకం. ఆరడుగుల నల్ల గ్రానైటు, ముప్పై ఒక్క పేర్లు. మెషిను వద్దు, చేత్తోనే చెక్కాలన్నారు కార్యదర్శి మాస్టారు. "మెషిను అక్షరం అద్దెకు తెచ్చిన చొక్కాలా ఉంటుందయ్యా" అన్నారు. ఎక్కువ ఇచ్చినవాళ్లు పైన, తక్కువ ఇచ్చినవాళ్లు కింద. అయితే అందరికంటే పైన, మొదటి వరుసలో పేరు లేదు. "పేరు చెప్పని దాత" అని ఉంది. సగం వార్డు ఆ ఒక్క చేతితోనే లేచిందట. ఒక లాయరు మధ్యన ఉన్నాడు, ఎంత అడిగినా పేరు చెప్పడట.

ఇప్పుడు అసలు సంగతి. పేర్ల జాబితా ఆ లాయరుకు పంపితే, దాత చూసి సరే అన్నాక తిరిగి వచ్చింది. ఆ కాపీనే మాస్టారు నాకిచ్చారు. దాని మీద ఎర్ర సిరాతో రెండు దిద్దుబాట్లు ఉన్నాయి. "కార్యదర్సి" అన్నచోట "శి". "జ్ఞాపకార్ధం" అన్నచోట ధ కొట్టేసి థ. కొట్టేసిన గీత చివర ఎలకతోకలా ఒక చుట్టు.

ఆ తోక నాకు తెలుసక్కా. ఇరవై ఏళ్లుగా నేను రాసిన ప్రతి ఉత్తరం దిద్ది నాకే తిరిగి పంపుతున్నావు. ఈ జిల్లాలో పేపరాఫీసులు ఎన్నున్నా, ఊరికే వచ్చిన కాగితం మీద కూడా ఒత్తు చూసి ఆగలేని ప్రూఫ్ రీడరు ఒక్కతే.

ఆ దాత నువ్వేనా?

ఇంకోటి. పోయిన ఉత్తరం కవరు మీద కొత్త అడ్రసు ఉంది. నీ ఫ్లాటు ఏమైంది?

తమ్ముడు


బైండింగ్ షాపు పైగది,
జూన్ 12

ఒరే తమ్ముడూ,

నీ ఉత్తరం దిద్ది ఇందులోనే పెట్టాను. పదకొండు తప్పులు. రాయి మీద ఒక్క తప్పు చెయ్యవు, కాగితం కనపడితే చాలు ఒత్తులన్నీ గాలికొదిలేస్తావు. కాగితమంటే అంత లోకువా?

ఎర్ర సిరా పెన్ను లోకంలో నాకొక్కదానికే ఉందా? లాయర్ల దగ్గర గుమాస్తాలుంటారు, వాళ్లకూ చదువొచ్చు.

ఫ్లాటు గోడలకు చెమ్మ పట్టింది. అందుకని మారాను. ఈ గది కింద పుస్తకాలు కుడతారు. పొద్దున్నించీ కటింగ్ మెషిను ఒకటే కొట్టుడు. నాకు వినపడదు గానీ నేల అదురుతూ ఉంటుంది. మంచినీళ్ల గ్లాసు దానంతటదే బల్ల అంచుకు నడుస్తుంది.

మొదటి వరుసలో ఏమిచ్చారో అదే చెక్కు. నీకొచ్చిన పని చెయ్యి, నీకు రాని పని చెయ్యకు.

చివర ఎప్పట్లాగే "రాయి" అంటున్నాను. ఉత్తరం రాయమని. "నా దగ్గర రాళ్లకేం కొదవక్కా" అని ఆ పాత జోకు మళ్లీ వెయ్యకు. ఇరవై ఏళ్ల కిందటే నవ్వేశాను.

రాయి.

అక్క


చెక్కుడు షెడ్డు,
జూన్ 27

అక్కా,

నా దగ్గర రాళ్లకేం కొదవ.

నువ్వు కాదనలేదు. ఉత్తరం మూడుసార్లు చూశాను, "నేను కాదు" అన్న మాట ఎక్కడా లేదు. గుమాస్తాలకు చదువొచ్చని మాత్రం తెలిసింది. ఇక నేనడగను. మీ మరదలికి కూడా చెప్పలేదు.

ఇక్కడ దాతలతో వేగలేకపోతున్నాను. బట్టల షాపు షావుకారు టేపు తెచ్చుకుని కొలిచాడు. తన పేరు అంగుళంన్నర, మూడో వరుసలో మందుల షాపాయన పేరూ అంగుళంన్నరే. "ఆయనకంటే నేను ఎక్కువిచ్చాను గదా, అక్షరం మాత్రం సమానమా?" అన్నాడు. "మీ పేరు రెండో వరుస, ఆయనది మూడు" అన్నాను. "వరుస ఎవడు లెక్కపెడతాడయ్యా, కంటికి లావు కనపడాలి" అన్నాడు. ఇంకొకావిడ తన పేరు ముందు శ్రీమతి ఉండాలా వద్దా అని నెలరోజులుగా ఆలోచిస్తోంది. ఇంతమందీ కలిసి కోప్పడేది మాత్రం ఆ మొదటి వరుస మీదే. "అంత పెద్ద మనిషైతే ఎదురుగా రమ్మనండి" అంటున్నారు. పేరున్న ముప్పైమందినీ ఆ పేరు లేని ఒక్క వరుస నిద్రపోనివ్వడం లేదు.

దాంతోపాటు నన్ను కూడా. ఎందుకో చెప్తాను, పూర్తిగా చదువు.

ఈ కొత్త వార్డు లేచింది పాత వార్డు కూలిన చోటే. నలభై ఏళ్లయినా ఈ ఊళ్లో నేను "కూలిన మేస్త్రీ కొడుకు"నే. మొన్న ఫలకం బేరమాడుతుంటే షావుకారు నవ్వుతూ అన్నాడు: "నువ్వు నిలబెట్టిన రాయైనా నిలబడుతుందా, మీ నాన్న స్లాబులాగా పడుతుందా?" అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. పనిచ్చేవాడు కదా.

ప్రారంభానికి ఒక్కరోజు ముందు స్లాబు పడింది. లోపల మంచాలు సర్దుతున్న నర్సుకు మోకాలి కింద కాలు పోయింది. నీళ్లు మోసే తాత పోయాడు. సాక్ష్యం లేదని కేసు కొట్టేశారు. సిమెంటు మంచిది కాదని నాన్న అన్నాడు. అప్పుడు నాకు ఎనిమిదేళ్లు, నమ్మాను. ఇప్పుడూ నమ్ముతున్నాను. నాన్న మళ్లీ తాపీ పట్టలేదు. నన్ను తెచ్చి ఈ పనిలో పెట్టాడు. "కట్టే పని వద్దురా, చెక్కే పని నేర్చుకో. అక్షరం ఎవరి నెత్తి మీదా పడదు" అన్నాడు.

అక్కా, ఆ మొదటి వరుస నీదే అయితే, అందులో నాన్న పేరు పెట్టు. "జ్ఞాపకార్థం" అని. నీ పేరు వద్దు, నా పేరు వద్దు. ఐదక్షరాలు. అదే చోట, అందరికంటే పైన. ఆసుపత్రికి వచ్చే ప్రతివాడూ చదవాలి. ఆ తర్వాత షావుకారు ఏ మొహం పెట్టుకుని నవ్వుతాడో చూస్తాను.

నేనొక్కసారి చెక్కితే చెరగదు. నీకు తెలుసు.

తమ్ముడు


స్కూలు ఎదురు గది, రెండో అంతస్తు,
జూలై 9

తమ్ముడూ,

మళ్లీ గది మారాను. నేల అదురుడు పడలేదు. ఇక్కడ స్కూలు గంట. అది కూడా వినపడదు, కానీ గంట కొట్టగానే వీధంతా పిల్లలతో నిండుతుంది. నేను ప్రతిసారీ ఏదో జరిగిందని లేచి కిటికీ దగ్గరికి వెళ్తాను. రోజుకు తొమ్మిదిసార్లు. ఇంకో గది చూస్తున్నాను.

అవును, నేనే. ఫ్లాటు అమ్మాను. గోడలకు చెమ్మ లేదు.

నీకు చెప్పకపోవడం తప్పే. చెప్తే నువ్వు సరిగ్గా ఇదే అడుగుతావని తెలుసు.

పేరు ఎందుకు వద్దన్నానో విను. నా పని నీకు తెలుసు కదా. వార్తలు కుర్రవాళ్లు చూస్తారు, నాకు ప్రకటనలిస్తారు. పోయినవారం ఒకాయన స్కూలుకు రెండు సీలింగ్ ఫ్యాన్లు ఇచ్చి, పావు పేజీ ప్రకటన వేయించాడు. ఫ్యాను రెక్కల మీద కూడా పేరు రాయించాడట. "తిరిగేటప్పుడు కనపడదు కదండీ" అని మా వాళ్లెవరో అంటే, "ఆపినప్పుడు కనపడుతుందిగా" అన్నాడట. అలాంటివి ముప్పై ఏళ్లు దిద్దాను. ఎవరైనా ఏదైనా ఇస్తే, ప్రకటనలో ముందు పేరు చూస్తాను, తర్వాత ఫొటో చూస్తాను, ఇచ్చిందేమిటో చివర చూస్తాను. నా కళ్లే అలా అలవాటుపడిపోయాయి. పేరు వేస్తే నేనిచ్చినట్టుండదు, ఏదో కొనుక్కున్నట్టుంటుంది.

నాన్న పేరు మాత్రం వద్దు. అది నా పేరు కంటే ఎక్కువ వద్దు. ఎందుకని అడగకు.

షావుకారు నవ్వితే నవ్వనీ. నోరు మూయించడానికి ఆసుపత్రి గోడ వాడకు.

రాయి.

అక్క


చెక్కుడు షెడ్డు,
జూలై 24

అక్కా,

నిన్న పెద్దసిస్టర్ షెడ్డుకు వచ్చింది. నీకు గుర్తుండే ఉంటుంది. కాలు పోయిన నర్సు. రిటైరై నాలుగేళ్లయింది, ఇప్పుడు కమిటీలో ఉంది. సెప్టెంబరు పదిన కొత్త వార్డు తలుపు ఆమె చేతే తీయిస్తారట.

కుర్చీ వేశాను, కూర్చోలేదు. "కుర్చీలో పడితే లేవడం పెద్ద పనయ్యా" అని నా పనిబండ మీద కూర్చుంది. అదే, నాన్న మన వాకిట్లో సున్నంలో పరిచిన బండ. దాని చుట్టూనే కదా షెడ్డు వేసుకున్నాను. కర్ర ఒళ్లో పెట్టుకుని కాసేపు రాయిని చూసింది. నేను ఇంకా ఎర్ర గీతలే గీశాను, ఉలి పెట్టలేదు.

"ఏమయ్యా, ఆ మొదటివాడెవడో నీకు తెలుసా?" అంది.

"నాకెలా తెలుస్తుంది సిస్టర్?" అన్నాను.

"రాళ్లు చెక్కేవాడికి అబద్ధం చెక్కడం రాదు. చెవులు ఎర్రబడ్డాయి."

నేను స్కేలు తీసుకుని, గీసిన గీతే మళ్లీ గీశాను.

"చెప్పకు. చెప్పమనడం లేదు. కానీ ఒక మాట విను. నలభై ఏళ్లుగా జనం నాకు ఇస్తూనే ఉన్నారు. కర్ర ఇచ్చారు, పెట్టుడు కాలిచ్చారు, సభల్లో కుర్చీ ఇచ్చారు, చప్పట్లిచ్చారు. ఎవరిస్తున్నారో తెలుసు కాబట్టి కొన్ని పుచ్చుకున్నాను, కొన్ని మొహాన కొట్టాను. పాత వార్డు కట్టించిన ట్రస్టు ప్రెసిడెంటు పంపినవి గుమ్మం దాటనివ్వలేదు. వద్దనే హక్కు కూడా ఒక ఆస్తేనయ్యా. పేరు చెప్పకుండా ఇచ్చేవాడు మంచివాడే కావచ్చు. కానీ నన్ను అడగలేదు. ఎవడిదో తెలియకుండా ఆ తలుపు నా చేత తీయిస్తున్నాడు."

"వాళ్లకు పేరు మీద ఆశ లేదేమో సిస్టర్" అన్నాను.

"ఆశ లేకపోతే మంచిదే. భయం లేదు కదా?" అంది.

లేచేటప్పుడు నా భుజం పట్టుకుంది. నాన్న గురించి ఒక్క మాట అనలేదు. ఎప్పుడూ అనదు. బజారులో కనపడినా "బాగున్నావా" అంటుంది, అంతే. నాకు అదే ఎక్కువ బాధ. షావుకారు నవ్వితే తిరిగి నవ్వొచ్చు. ఆమె అలా చూస్తే ఏం చెయ్యాలి?

వెళ్తూ వెళ్తూ, అప్పుడే షెడ్డుకు వచ్చిన కార్యదర్శి మాస్టారికి నా ముందే చెప్పింది: "ముఖ్య అతిథి కోసం తేదీ ముందుకు జరుపుతామన్నారట. జరిపితే నేను రాను. ఈ ఊళ్లో ఒకసారి తేదీ కోసమే తొందరపడ్డారు."

ఆ మాట నాకు అర్థం కాలేదు. నీకేమైనా తెలుసా?

నువ్వు పేరు వద్దంటున్నావు, ఆమె పేరు కావాలంటోంది, నేను నాన్న పేరంటున్నాను. పేరు కావాలన్నవాళ్లం ఇద్దరం, అంటే లెక్క నా వైపే. ఉలి సాన పట్టి పట్టి సగమైంది. ఆగస్టు మొదటివారంలో మొదలుపెట్టకపోతే పదో తేదీకి అందదు. చివరిసారి అడుగుతున్నాను. నాన్న పేరు పెట్టనా?

తమ్ముడు


పోస్టుకార్డు
ఆగస్టు 1

తమ్ముడూ,
నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. ఒక్క తప్పు కూడా దిద్దలేదు. నాన్న పేరు సంగతి ఏం చెప్పాలో నాకు తెలియడం లేదు. గది మళ్లీ మారుతున్నాను, సామాను కట్టి ఉంది, పెన్ను కూడా పక్కవాళ్లది. నువ్వే బాగా ఆలోచించు. రాయి.
అక్క


చెక్కుడు షెడ్డు,
ఆగస్టు 9

అక్కా,

రాయి అన్నావు. రాసేశాను.

కార్డు అందిన రోజే మొదలుపెట్టాను. ఐదు రోజులు పట్టింది. మొదటి వరుస మొత్తం. నాన్న పేరు, పక్కన జ్ఞాపకార్థం. థ నువ్వు దిద్దినట్టే పెట్టాను, చూసుకో. అక్షరం రెండంగుళాలు, లోతు పావంగుళం. షావుకారు టేపు తెచ్చుకుంటే తెచ్చుకోనీ.

నేను ఎన్ని వేల పేర్లు చెక్కి ఉంటానో చెప్పలేను. ప్రతి పేరూ ఒక కొలతే నాకు. ఎన్నక్షరాలు, ఎక్కడ విరగాలి, గుడి దీర్ఘం ఎంత పైకి పోవాలి. ఈ ఐదక్షరాలు చెక్కుతున్నప్పుడు మాత్రం చెయ్యి ఎప్పుడూ లేనంత నెమ్మదిగా నడిచింది. మీ మరదలు అన్నం తెచ్చి పక్కన పెట్టి, అక్షరాలు కూడబలుక్కుని చదివి వెళ్లిపోయింది. సాయంత్రం వచ్చి, "మామయ్య పేరు ఇంత బాగుంటుందని నాకు తెలియదు" అంది.

కమిటీకి ఇంకా చూపించలేదు. గోనెపట్టా కప్పి ఉంచాను. మీ లాయరు చేత ఒక ముక్క రాయించి పంపు, మాస్టారికి ఇస్తాను. మిగతా ముప్పై పేర్లు సోమవారం నుంచి.

చాలా ఏళ్ల తర్వాత నిన్న హాయిగా నిద్రపోయాను.

తమ్ముడు


ప్రెస్సు వెనక గది,
ఆగస్టు 14

తమ్ముడూ,

రాయి అంటే ఉత్తరం రాయమనిరా.

ఇరవై ఏళ్లుగా ప్రతి ఉత్తరం చివర ఆ మాటే అంటున్నాను. ఇరవై ఏళ్లుగా దాని మీద నువ్వే జోకు వేస్తున్నావు. ఈ ఒక్కసారి నీకు కావలసినట్టు చదువుకున్నావు. నిన్ను అనడం దేనికి? కామా ఎక్కడ పడకపోతే కొంప మునుగుతుందో వెతికి జీతం తీసుకున్నదాన్ని. "జవాబు" అన్న మూడక్షరాలు ముందు పెట్టలేకపోయాను.

నీ మీద కోపం లేదు. ఉంది. అది తర్వాత.

సోమవారం నుంచి మిగతా పేర్లన్నావు. మొదలుపెట్టి ఉంటే ఆపు. ముందు ఇది చదువు. నీకు ఎప్పటికీ చెప్పకూడదనుకున్నది చెప్తున్నాను. వార్త రాసినట్టు రాస్తాను, లేకపోతే రాయలేను.

పాత వార్డు స్లాబు పోశాక, కింద ఆసరాగా నిలిపిన కర్రలు, అదే సెంట్రింగు, ఇరవై ఒక్క రోజులు ఉంచాలి. పదకొండో రోజున ట్రస్టు ప్రెసిడెంటు వచ్చాడు. వార్డు పదిహేనో రోజున తెరవాలన్నాడు. ఆ రోజు ఆయన పుట్టినరోజు. నాన్న కుదరదన్నాడు. అప్పుడు ఆయన, "ఫలకంలో చివరి వరుస ఖాళీగా ఉంది, మేస్త్రీ. నీ పేరు వేయిద్దామా?" అన్నాడు. మేస్త్రీ పేరు ఫలకం మీద వేయడం ఈ ఊళ్లో అంతకుముందు లేదు.

నాన్న ఇంటికొచ్చి చేతులు కడుక్కుంటూ ఈ సంగతి చెప్పాడు. నాకు పదిహేడేళ్లు. నేను ఎగిరి గంతేశాను. "వేయించుకో నాన్నా" అన్నాను. నా అక్షరాలు బాగుంటాయని, చెక్కేవాడికి ఇవ్వడానికి నా చేతే కాగితం మీద రాయించాడు. "నిర్మాణం" అని, పక్కన ఆ ఐదక్షరాలు. పన్నెండో రోజున సెంట్రింగు తీశారు. పద్నాలుగో రోజున స్లాబు పడింది.

సిమెంటు మంచిదే.

ఫలకం అప్పటికే చెక్కి ఉంది. నాన్న దాన్ని శిథిలాల్లోంచి బండి మీద వేసుకొచ్చి, అక్షరాలు కిందకు పెట్టి, వాకిట్లో సున్నంలో పరిచాడు. నీ పనిబండ అదే. కావాలంటే తిరగేసి చూడు.

ఆ తర్వాత నాన్న నాతో దాని గురించి ఒక్కసారే మాట్లాడాడు. "నువ్వు రాసిన అక్షరాలు చాలా బాగా వచ్చాయమ్మా" అన్నాడు. తిట్టి ఉంటే ఊళ్లోనే ఉండేదాన్ని.

సిస్టర్ భయం అంది చూశావా, సరిగ్గా అక్కడే పట్టుకుంది. పేరు మీద నాకు ఆశ లేదు. ఆ డబ్బు ఎవరిచ్చారో ఆమెకు తెలిస్తే వద్దంటుందని భయం. అందుకే ఫ్యానులాయన కథ చెప్పి నీ దగ్గర గొప్పగా మాట్లాడాను.

ఇప్పుడేం చెయ్యాలో నాకు తెలియదు. ఈసారి ఏ మాటతో ముగించాలో కూడా తెలియదు.

అక్క


చెక్కుడు షెడ్డు,
ఆగస్టు 22

అక్కా,

నీ ఉత్తరం వచ్చేసరికి మిగతా పేర్లు ఇంకా మొదలుపెట్టలేదు. పలుగు పెట్టి, ఇద్దరు హమాలీలను పిలిచి బండ తిప్పాను. సున్నం గట్టిగా పట్టింది. ఒక పూట పట్టింది.

చివరి వరుస. నిర్మాణం, పక్కన నాన్న పేరు. చెక్కినవాడు మంచి పనివాడు. నీ రాతను ఎక్కడా మార్చలేదు. ఇన్నేళ్లూ నేను దాని వీపు మీద ఉలి సాన పట్టాను.

రెండు రోజులు ఏమీ చెయ్యలేదు. మూడో రోజున పెద్దసిస్టర్‌కు కబురు పెట్టాను. నువ్వు ఇన్నేళ్లూ దాచినదంతా, దాత నువ్వేనన్న సంగతి కూడా చెప్పేశాను. నువ్వు తిట్టే తిట్లన్నీ పడతాను. గోనెపట్టా తీసి కొత్త రాయి కూడా చూపించాను. దాచడానికి ఇంకేమీ మిగల్లేదు.

ఆమె కొత్త రాయిని అంతగా చూడలేదు. పాతదాని దగ్గర నిలబడి, కర్ర కొనతో చివరి వరుస మీద సున్నం గీకింది.

"మొన్న నేను కూర్చున్నది దీని మీదేనా?"

"అవును సిస్టర్."

"ఎత్తు సరిపోయింది" అంది. నవ్వలేదు.

సున్నం రాలిన చోట కర్ర ఆనించి, "సెంట్రింగు ముందే తీశారని నాకు అప్పుడే తెలుసు. కర్రలు మోసుకెళ్లడం కిటికీలోంచి చూశాను. ఎందుకు తీశారన్నదే తెలియలేదు. దీనికా?" అంది. మళ్లీ, "దీనికేనా?" అంది. తర్వాత అడిగింది: "నీళ్లు మోసే తాత పేరు నీకు తెలుసా?"

తెలియదన్నాను.

"నాకు తెలుసు. ఏ రాయి మీదా లేదు."

కొత్త రాయి ఏం చెయ్యమంటారని అడిగాను.

"అరగదియ్యి. మీ నాన్న పేరు కింద నిలబడి నేను తలుపు తియ్యను. ఆ పేరు లేని వరుస కింద కూడా తియ్యను."

"మరి వార్డు?"

"మీ అక్కను రమ్మను. రాయి మీద నాకు ఏ పేరూ అక్కర్లేదు. ఊరికి చెప్పమనడం లేదు, మాస్టారికి కూడా చెప్పక్కర్లేదు. నా ఇంటికొచ్చి, నా ఎదురుగా కూర్చుని, ఫలానావాళ్లం, ఇది మేమిస్తున్నాం అని నోటితో చెప్పమను. పుచ్చుకుంటానో లేదో అప్పుడు చెప్తాను."

"పుచ్చుకోకపోతే?"

"తలుపు ఇంకెవరైనా తీస్తారులే. తలుపుకు మనుషుల కరువా?"

అంతే అక్కా. అవుననలేదు, కాదనలేదు.

నిన్నా ఇవాళా అరగదీస్తున్నాను. రాతి మీద తప్పు ఒక్కచోట దిద్దడం కుదరదు, మొత్తం మొహం దించాలి. ఐదక్షరాలు పోవడానికి రాయంతా పావంగుళం పల్చబడింది. మాస్టారు వచ్చి దుమ్ము చూసి, "ఏమైందయ్యా?" అని కంగారుపడ్డారు. "అచ్చుతప్పు పడింది మాస్టారూ" అన్నాను. అబద్ధం కాదుగా.

షెడ్డులో పాత బండ గోడకు ఆనించి ఉంది, మొహం ఇటు పెట్టి. పనిబండ లేక నేల మీద కూర్చుని పని చేస్తున్నాను.

మొదటి వరుస ఖాళీగా ఉంచి, రెండో వరుస నుంచి మొదలుపెడుతున్నాను. పదో తేదీకి పందొమ్మిది రోజులుంది. ఏం చేస్తావో రాయి. ఉత్తరం.

తమ్ముడు


ప్రెస్సు వెనక గది,
ఆగస్టు 27

తమ్ముడూ,

శనివారం మధ్యాహ్నం బస్సుకు బయల్దేరుతున్నాను. బస్సు దిగి షెడ్డుకు రాను, నేరుగా సిస్టర్ ఇంటికే వెళ్తాను. నువ్వు బస్టాండుకు రావద్దు, సిస్టర్ వీధి చివర కూడా నిలబడొద్దు. నీ చెవులు ఎర్రబడితే నేను మాట్లాడలేను.

ఆమె ఏమంటుందో నాకు సరిగా వినపడదు. రెండోసారి చెప్పమని అడగాలి. ఆమె వద్దంటే, ఆ మాట కూడా రెండుసార్లు అనిపించుకోవాలి.

ఏం చెప్పాలో కాగితం మీద పెట్టుకున్నాను. ఐదుసార్లు దిద్దాను. ఆరోసారి చదివితే మొదటి వాక్యం ఫ్యానులాయన ప్రకటనలాగే ఉంది. చించేశాను. ఎర్ర పెన్ను ఇక్కడే బల్ల మీద వదిలేసి వస్తున్నాను.

నీళ్లు మోసే తాత పేరు ఆమెను అడిగి తెలుసుకుంటాను. మొదటి వరుస మాత్రం నువ్వు ముట్టుకోకు, ఆమె చెప్పేదాకా.

దీనికి జవాబు రాయకు. వస్తున్నాను.

అక్క